ప్రహ్లాదుని సాహసము: ‘మహావతార్ నరసింహ’ యానిమేషను చిత్రము – గుణదోష విచారము

కృష్ణాతీరమున, ఘంటసాలకు సమీపమున నున్న శ్రీకాకుళము ఆంధ్రమహావిష్ణువు వెలసిన క్షేత్రము. ఈ దేవుని ఉద్దేశించి కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకము’ చెప్పెను. దివిసీమకు చెందిన ఆ కవి దేవరకోట సంస్థానపు ఆశ్రయమున నుండి, శతకమంతయు వ్యాజస్తుతిగా నడిపెను. దేవుని నిందించుచున్నట్లు కనిపించుచునే కొనియాడు పద్ధతి యిది. ఆ కవికి భక్తి తక్కువ యని ఎవరును అనలేదు. ఈ మాటను మొదటనే చెప్పుటకు కారణము కలదు. మేమిట విచారింపబూనినది దేవుని కథను చెప్పు చలనచిత్రము. అట్టి చిత్రమున దోషమెన్నుట దైవదూషణ యగునని తలంచువారు కొందరున్నారు. చిత్రము వేఱు, దేవుడు వేఱు. దేవునే ప్రశ్నించిన కవి పుట్టిన సీమలో చిత్రమును ప్రశ్నించుటకు సంకోచింప బనిలేదు.

‘మహావతార్ నరసింహ’ 2025 జూలై 25వ తేదీన తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో విడుదలయ్యెను. దర్శకుడు అశ్విన్ కుమార్. క్లీమ్ ప్రొడక్షన్సు నిర్మించిన ఈ చిత్రమును హోంబాళే ఫిల్మ్స్ సంస్థ సమర్పించెను. సంగీతము సామ్ సి. ఎస్. కూర్చెను. ఇందు నటులు కనిపింపరు. పాత్రలన్నియు కంప్యూటరు సాయమున రూపొందిన బొమ్మలే. త్రిపరిమాణమున కూడ ప్రదర్శింపబడిన ఈ చిత్రము, భారతదేశపు యానిమేషను చిత్రములలో అంతవఱకు ఏదియు పొందని ప్రజాదరణమును పొందెను. పాదరక్షలు వెలుపల విడిచి థియేటరులోనికి పోయినవారిని గూర్చి పత్రికలు వ్రాసినవి. మేము బందరులో చూచిన నాడు, స్తంభము పగిలినంతనే సభయంతయు లేచి నిలిచి చేతులు జోడించినది. మేమును లేచితిమి.

అటు పిమ్మట తరగతిలో పోతన భాగవతము సప్తమ స్కంధము చెప్పుచు, ఈ కథకు నాయకుడెవరని విద్యార్థుల నడిగితిమి. ఇంచుమించు అందఱును నరసింహుడనిరి. కొన్ని యేండ్లకు ముందు ఇదే ప్రశ్నకు ప్రహ్లాదుడను సమాధానము వచ్చెడిది. పోతనను చదువకముందే చిత్రమును చూచిన తరమిది. ఈ తరమువారు ప్రహ్లాదుని మొదట కలిసికొన్నది పద్యమున గాదు, తెరపైన. కావున ఆ తెర వారి కేమి చూపినది, ఏమి చూపలేదు అను విచారము తెలుగు చెప్పువారికి అనావశ్యకము కాదు.

సాహసకథకు ప్రాణమేది? నాయకుడు ఓడిపోవుటకు అవకాశ ముండుట. ఓటమి యసంభవమైన చోట పరాక్రమముండవచ్చును, వైభవముండవచ్చును, అద్భుతముండవచ్చును, సాహసముండదు. ఈ కొలతతో చూచిన నరసింహుడు సాహసికుడు కాడు, కాజాలడు. ఆయన ఓడునేమో యను శంక ఏ ప్రేక్షకునకును కలుగదు. పోగొట్టుకొనుటకు ప్రాణమొకటి కలిగి, దానిని కాపాడుకొను ఆయుధమేదియు లేక, తండ్రి యెదుట నిలిచి తాను నమ్మినది చెప్పిన బాలుడే ఈ కథలో సాహసికుడు. చిత్రపు గుణములును దోషములును ఈ యొక్క విషయమును ఆశ్రయించి యున్నవని మా యభిప్రాయము.

మూలముల మాట కొంత చెప్పవలెను. విష్ణుపురాణమున ప్రహ్లాదుని కథ విపులముగా నున్నది. పాములు, ఏనుగులు, అగ్ని, విషము, సముద్రము వరుసగా వచ్చును. కాని నరసింహుడు హిరణ్యకశిపుని వధించుట అందొక మాటలో ముగియును. భాగవతమునకు వచ్చుసరికి స్తంభము, సభ, సంధ్య, గడప అన్నియు చేరి వధాఘట్టము విస్తరించినది. పోతన ఆ ఘట్టమును తెలుగున పెంచినను, ఆయన పెంచినది ప్రధానముగా తండ్రికొడుకుల సంవాదమునే. అంతకు ముందే ఎఱ్ఱన ‘నృసింహపురాణము’ రచించి యుండెను. పురాణమునుండి కవికిని, కవినుండి నటునకును వచ్చుచు ఈ కథ మాఱుచునే యున్నది. కావున చిత్రము మూలమును మార్చిన దనుట దానియంతట అది దోషము కాదు. ఉదాహరణమునకు, హోలిక ప్రహ్లాదుని ఒడిలో నుంచుకొని అగ్నిలో కూర్చుండు వృత్తాంతము విష్ణుపురాణమునను భాగవతమునను లేదు. అది ఉత్తరదేశపు లోకకథలనుండి వచ్చినది. తెలుగునాట ఆ పున్నమి కామదహనముతో ముడిపడినది. చిత్రకారుడు హోలికను స్వీకరించుట ఆక్షేపణీయము కాదు; కాని తెలుగు విద్యార్థి దానిని పోతనలో వెదకినచో దొరకదని చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది.

ఇక గుణములు. వానిలో మొదటిది, యానిమేషను చేయగల పనిని, అది మాత్రమే చేయగల పనిని, ఈ చిత్రము చేసినది. నరసింహరూపము నటులకు ఏనాటినుండియో చిక్కు సమస్య. 1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని 1967లో చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వమున ఏ. వి. యం. వారు తీసిన ‘భక్త ప్రహ్లాద’ వఱకు, మనుష్యదేహముపై సింహముఖమును అతికింపక తప్పలేదు. అతుకు ఎచటనో యొకచోట కనిపించును. యానిమేషనులో అతుకు లేదు. ఎచట మనుష్యుడు ముగిసి ఎచట సింహము మొదలగునో చూపరి కన్నునకు తెలియదు; నరుడును గాక మృగమును గాక అను వరపు నిబంధనకు రూపమిచ్చుటలో ఇది చిన్న విషయము కాదు. వరాహరూపమునకును ఇదియే వర్తించును. జలరాశి నడుమ హిరణ్యాక్షునితో వరాహమూర్తి తలపడు ఘట్టమున పరిమాణమును గూర్చిన భావన ప్రశంసనీయము. భూమి ఎంత చిన్నదో, ఎత్తువాడు ఎంత పెద్దవాడో మాటలతో చెప్పక కంటితో చెప్పినారు.

రెండవ గుణము కథను దితికశ్యపులనుండి ఆరంభించుట. అసురసంధ్యవేళ దితి చేసిన నిర్బంధము, దాని ఫలముగా పుట్టిన కవలలు, తమ్ముని మరణము, అన్న పగ, తపస్సు, వరము ఒకదానినుండి ఒకటి పుట్టునట్లు కూర్చినందున హిరణ్యకశిపుని ద్వేషమునకు కారణము కనిపించుచున్నది. కారణము లేని క్రౌర్యము బొమ్మలాటలోని రాక్షసునకు చాలును గాని కథకు చాలదు. తమ్ముని కోల్పోయినవాడు ఆ చంపినవాని పేరునే తన కుమారుని నోట వినుట యెంతటి వేదనయో ఈ నిర్మాణము వలన ప్రేక్షకునకు తెలియుటకు వీలు కలిగినది. కథాసంధులను పాటించుటలో ఇది పెక్కు పౌరాణిక చిత్రములకంటె మేలు.

ఇన్ని గుణములున్న చిత్రమున లోపమెచట? మొదటిది ముఖములలో. దేవాసురుల రూపములలో చూపిన శ్రద్ధ మనుష్యముఖములలో కనిపించుట లేదు. ప్రహ్లాదుడు, అతని తల్లి, చండామార్కులు మాటలాడునపుడు పెదవులు కదలుచున్నవి, చెక్కిళ్లు కదలుటలేదు. కన్నులు తెఱచుకొనుచున్నవి, చూచుటలేదు. భాగవతమున తండ్రి కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీవు చదివిన వానిలో మంచిదేదో చెప్పుమని అడుగును. సమాధానము విని అదే ఒడినుండి నేలపైకి త్రోసివేయును. కథయొక్క చివర హిరణ్యకశిపుడు ప్రాణము విడుచునది నరసింహుని తొడలపైన. ఒడినుండి బిడ్డను త్రోసినవానికి ఒడియే మృత్యుస్థానమైనది. ఈ సంబంధము మనసునకు తట్టవలెనన్న, మొదటి ఒడిలోని వాత్సల్యము నిజమైనదిగా కనిపింపవలెను. 1967 నాటి చిత్రమున ఎస్. వి. రంగారావు ముఖమున వాత్సల్యమును క్రోధమును ఒకేసారి నిలుపగలిగెను; రోజారమణి బాల్యము ఆ ముఖమునకు ఎదురు నిలిచెను. ఆ చిత్రపు నరసింహుడు నేటి చిత్రపు నరసింహునితో పోల్చదగినవాడు కాడు. కాని ఆ తండ్రికొడుకులతో పోల్చదగిన తండ్రికొడుకులు నేటి చిత్రమున లేరు.

బొమ్మకు ముఖభావము రాదు గదా, ఇది సాధనపు లోపమే గాని కర్త లోపము కాదని సమాధానము చెప్పవచ్చును. మేము దీని నంగీకరింపజాలము. తంజావూరు సమీపమున మేలట్టూరులో నేటికిని తెలుగుననే ఆడబడు భాగవతమేళములలో వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము ముఖ్యము. అందు నరసింహపాత్రధారి ధరించు ముఖము పూజలందుకొను ముఖము. కొయ్యముఖమునకు కదలిక లేదు, ఒకే భావము. అయినను దానియెదుట ప్రేక్షకులు భయభక్తులతో నిలుతురు. తోలుబొమ్మకును ముఖభావము మాఱదు. ఆడించువాడు కీలుకీలును కదల్చుటలోను, గొంతులోను దానికి ప్రాణము పోయును. కదలని ముఖము లోపము కాదు. కదలుచున్నట్లు నటించి కదలని ముఖము లోపము. పూర్వపు కళలు తమ సాధనపు పరిమితిని అంగీకరించి దానిని శైలిగా మార్చుకొన్నవి. ఈ చిత్రము మనుష్యముఖమును యథాతథముగా అనుకరింపబోయి, అచటనే చిక్కుపడినది.

రెండవ లోపము మొదటిదానికంటె గురుతరము. అది వధాఘట్టపు విస్తృతి. హిరణ్యకశిపుని వరమొక ముడి. లోపల గాదు, వెలుపల గాదు, పగలు గాదు, రాత్రి గాదు, నేల గాదు, నింగి గాదు, నరుని చేత గాదు, మృగము చేత గాదు, ఆయుధముతో గాదు. అతడు మరణమునకు దారులన్నియు మూసితినని తలంచెను. రెండు దారుల నడుమ సందున్నదని తలంపలేదు. గడప, సంధ్య, తొడ, గోరు, నరసింహము అన్నియు ఆ సందులోనివే. కావున ఈ వధ బలప్రదర్శనము కాదు, ముడి విప్పుట. విప్పినవాని బలము కంటె విప్పిన తీరు ఆశ్చర్యము గొలుపవలెను. భాగవతమున యుద్ధము లేకపోలేదు. గరుడుని చేతినుండి పాము జాఱినట్లు దానవుడు ఒకమాఱు పట్టు తప్పించుకొనును, కత్తియు డాలును పట్టి మరల ఎదిరించును, దేవతలు కలవరపడుదురు. అది క్షణకాలము. చిత్రమున ఆ క్షణమే దీర్ఘయుద్ధముగా పెరిగినది. ప్రాసాదములు కూలును, దేహములు ఎగిరిపడును, దెబ్బకు ఎదురుదెబ్బ తగులును. చివరకు గడపయు సంధ్యయు వచ్చునప్పటికి చూపరి మనసు దెబ్బల లెక్కలో మునిగి యుండును. ముడి విడినదన్న మెఱుపు మందగించును. అంతేకాక, అంతసేపు ఎదిరించి నిలిచినవాడు దేవునకు ఇంచుమించు సమానుడను భ్రాంతి కలుగును.

మన యాలంకారికులకు ఈ దోషము క్రొత్తది కాదు. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు ‘కావ్యప్రకాశము’న రసదోషములను పరిగణించుచు, అప్రధానమైన అంగమును అతిగా విస్తరించుటను ఒక దోషముగా చెప్పి, దానికి ‘హయగ్రీవవధ’మున హయగ్రీవవర్ణనమును ఉదాహరించెను. అదియు విష్ణువు రాక్షసుని వధించు కథయే. దేవుని విజయమును చెప్పు కావ్యమందు ప్రతినాయకుని విస్తరించి అంగిని మఱచుట దోషమని సుమారు తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే చెప్పబడినది. అదే పట్టికలో ఉద్దీపించిన రసమునే మరల మరల ఉద్దీపింపజేయుట మఱియొక దోషము. అంగిని అనుసంధింపక విడుచుట ఇంకొకటి. చిత్రపు చివరి భాగమున ఈ మూడును కలవు. రౌద్రము మరల మరల రగుల్కొల్పబడినది. ప్రతినాయకుని బలము విస్తరించినది. ఆ యుద్ధమంతసేపును ప్రహ్లాదుడు ప్రక్కన నిలిచి చూచుచున్న ప్రేక్షకులలో నొకడైనాడు. కథకు కర్తయైన బాలుడు సాక్షిగా మిగిలెను.

ఇచట మరల శ్రీకాకుళము స్మరణకు వచ్చుచున్నది. కళింగదండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు ఈ క్షేత్రమున ఉపవసించి ఆంధ్రమహావిష్ణువును సేవింపగా, ఆ స్వామి కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ను తెలుగున చెప్పుమని ఆదేశించెనని ఆ ప్రబంధముననే కలదు. ఆ గ్రంథములోని మాలదాసరి కథ సాహసకథకు మేలైన మాదిరి. కుఱుంగుడి స్వామిని పాడుటకు వేకువకు ముందే బయలుదేరిన దాసరి, దారితప్పి బ్రహ్మరాక్షసుని చేత చిక్కును. అడవి, చీకటి, మఱ్ఱిచెట్టు, ఎముకలు – భయానకమునకు కావలసినదంతయు రాయలు కూర్చెను. పెనుగులాటయు కలదు. కాని రాయలు కథను అచట నిలుపలేదు. స్వామిని పాడి మరలివచ్చెదనని దాసరి శపథము చేయును, పోవును, పాడును, తప్పించుకొనుటకు సర్వావకాశములుండియు చావునకై తిరిగి వచ్చును. ఆ తిరిగివచ్చు అడుగులే సాహసము. రాక్షసుడు దిగ్భ్రాంతుడగుట దాసరి బలమునకు గాదు, మాటకు. బలశాలియగు రాజు, యుద్ధమునకు పోవుచున్న రాజు, సాహసమును కండబలమున గాక మాటనిలకడలో చూచుట గమనింపదగినది. ప్రహ్లాదుని కథయు ఈ జాతిదే. ‘కలడు’ అని ఒప్పుకొన్నమాటను వెనుకకు తీసికొనిన బ్రతుకును, తీసికొనలేదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. ఇది పిల్లలును పెద్దలును కూడి చూచు చిత్రము. వారు ఆశించునది అద్భుతము. యుద్ధమును తగ్గించిన చిత్రము ఇంతటి ఆదరణమును పొందియుండునా? ఈ యాక్షేపణలో బలము కలదు. థియేటరులో మాతోకూడ లేచి నిలిచినవారి భక్తి కృత్రిమము కాదు. ఆ క్షణమును సాధించిన చిత్రమును చులకన చేయుట న్యాయము కాదు. కాని ఆ సభ ఎప్పుడు లేచినదో గమనింపవలెను. యుద్ధమప్పుడు గాదు. స్తంభము పగిలినపుడు. అనగా బాలుని మాట నిజమైనపుడు. అంతవఱకు ‘కలడా, లేడా’ అను ప్రశ్న సభలో బిగిసి యున్నది. ఆ బిగువును కట్టినది యుద్ధకళ కాదు, కథ. పిల్లలకు అద్భుతము కావలెననుట నిజమే. అద్భుతము దెబ్బల సంఖ్యలో లేదనుటకు వారు లేచి నిలిచిన తావే సాక్ష్యము. శ్రీకాకుళమునకు దూరముగాని కూచిపూడి భాగవతులు ప్రహ్లాద చరిత్రమును ఆడునపుడు కూలుటకు ప్రాసాదములు లేవు, ఎగురుటకు ఆకాశము లేదు. దరువులు, సంవాదము, అభినయము మాత్రమే. అయినను తండ్రి ప్రశ్నకును కొడుకు సమాధానమునకును నడుమ నిశ్శబ్దము ఏర్పడును. ఆ నిశ్శబ్దమునకు ఖర్చు లేదు.

గుణదోషముల తూనిక ఇట్లు తేలుచున్నది. రూపకల్పనమున ఈ చిత్రము పూర్వచిత్రములను మించినది, ఆరంభనిర్మాణము దృఢమైనది, దేవుని అద్భుతత్వమును కంటికి కట్టించినది. మనుష్యముఖములను నిర్జీవముగా విడిచినది. వరపు ముడిని యుద్ధధూళిలో కప్పినది. సాహసమును బాలునినుండి తీసి దేవుని కిచ్చినది. దేవునకు దాని యవసరము లేదు. బాలునకు కలదు.

2037 వఱకు విడుదల కాగల ఏడు అవతారచిత్రముల వరుసలో ఇది మొదటిదని నిర్మాతలు 2025లో ప్రకటించిరి. తెలుగునాట యానిమేషను కళకు శక్తి లేకపోలేదు. బి. సత్య దర్శకత్వమున వచ్చిన ‘కిట్టు’ 2006 సంవత్సరపు యానిమేషను చిత్రములలో జాతీయ పురస్కారము నందెను. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి ‘ఛోటా భీమ్’ను దేశమంతట పిల్లలకు పరిచితుని చేసినది. ఇకముందు వచ్చు చిత్రములను తీయువారు మన కావ్యములను చదివియే తీయుదురని మేము నిర్బంధింపజాలము. చూచువారు చదివియుండునట్లు చేయుట మన వృత్తిధర్మము. తరగతిలో ఈ చిత్రమును నిషిద్ధముగా నెంచక, సప్తమ స్కంధము ప్రక్కన నిలిపి, ఒడినుండి త్రోసివేసిన ఘట్టము రెండింటను ఎట్లున్నదో చూడుమని విద్యార్థికి చెప్పవచ్చును. మేమట్లు చేసి చూచితిమి. ఆ దినమున తరగతి ముగియువేళ మరల అదే ప్రశ్న నడిగితిమి. ఈ మాఱు సమాధానములు రెండుగా చీలినవి. వాదము గంట మ్రోగిన పిదపను వరండాలో సాగినది.